ఊపిరి కోసిన కన్సర్టో

"విదేశీ ముఠా కేసులో ముగ్గురు సాక్షుల్లో ఇద్దర్ని లేపేశారు. మిగిలింది డ్రైవర్ ఓదెలు. వాణ్ని బతికించాలి," అన్నాడు చీఫ్ సుబ్రహ్మణ్యం. "చంపబోయేది కుసుమకుమారి."

ఏజెంట్ వేంకటరమణ ఆ పేరు మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. కుసుమ తమ గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషే. సినిమా రికార్డింగుల్లో ఫ్లూట్ వాయిస్తూ సమాచారం తెచ్చేది. ఆ ముఠా జీతం కూడా తింటోందని ఇప్పుడే తెలిసింది. ఆమెను పెళ్లాడాలనుకున్న బుద్ధిహీనుల్లో రమణ ఒకడు.

మర్నాడు ఫిల్మ్ నగర్‌లో ఆమె ఇంటెదుట స్టూడియో వ్యాన్ ఆగింది. లోపల మేకప్‌మాన్ వేషంలో రమణ, చెవులకు హెడ్‌ఫోన్స్. ఆమె గదిలో ముందే మైక్ పెట్టించాడు. ఆమె బరోక్ కన్సర్టో సాధన చేస్తోంది. మూడు మూవ్‌మెంట్లుగా, అంటే మూడు భాగాలుగా సాగే మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం, అడ్డంగా పట్టుకునే చెక్క ఫ్లూట్. అది మోగుతున్నంతసేపూ ఆమె గదిలోనే ఉన్నట్టు, జూబ్లీ హిల్స్ బంగళాలో దాచిన ఓదెలు క్షేమంగా ఉన్నట్టు.

"ఈ పాట ఎప్పుడైపోతది సార్? తలకాయ నొస్తున్నది," అన్నాడు వ్యాన్ డ్రైవర్ నర్సింహ.

రమణ నవ్వబోయి ఆగాడు. ఇంత పొడుగు స్వరాల వరుసలో కుసుమ ఎప్పుడూ గబుక్కున గాలి పీల్చేది. ఇప్పుడా చప్పుడు ఎక్కడా లేదు. రికార్డింగుల్లో ఊపిరి చప్పుళ్లను బ్లేడుతో కోసేసి టేప్ అతికించడం సినిమావాళ్ల అలవాటు. గదిలో ఆమె లేదు, మోగుతున్నది టేపు. దాన్నీ ఎవడో ఎడిటర్ చేతి అలవాటు కొద్దీ అలాగే శుభ్రం చేసిపెట్టాడు!

"బంగళాకు పోనీ నర్సింహా!"

తలుపు తన్నేసరికి నర్సు దుస్తుల్లో కుసుమ, చేతిలో సిరంజి. సూది మొన మంచం మీద పడుకున్న ఓదెలు చర్మానికి ఆనింది.

"ఇంకా రెండో మూవ్‌మెంటే కదా, అప్పుడే వచ్చేశావేంటి రమణా?" అంది చక్కగా నవ్వి.

రమణ కాల్చాడు. సిరంజితోపాటు ఆమె రెండు వేళ్లూ పోయాయి. ఆమె అరిచిన అరుపుకన్నా, తన చెయ్యి వణకనందుకే అతనికి భయమేసింది.

వెనకాలే వచ్చిన చీఫ్ కాళ్లమీద పడ్డాడు ఓదెలు. "కోర్టుల అన్నీ చెప్త సార్!"

"పోయిన వారం మేజిస్ట్రేట్ ముందు చెప్పావుగా. కేసుకు అది చాలు."

"మరి నన్నెందుకు గీడ ఉంచిండ్రు?"

"ఈవిడ రావడానికి. నీ అడ్రసు ఆవిడకి అందేలా చేసింది నేనే."

"నాకు చెప్పలేదేం సార్?" అన్నాడు రమణ.

"చెబితే ఇంత వేగంగా వచ్చేవాడివా?"

ఓదెలు మెల్లగా లేచాడు. "గట్లయితే నేను ఇంటికి పోత సార్. నా పెండ్లాం ఎదురుచూస్తది."

చీఫ్ ఆప్యాయంగా వాడి భుజం తట్టి మళ్లీ మంచం మీద కూర్చోబెట్టాడు.

"తొందరేముందోయ్? ముఠాలో ఇంకొకడు మిగిలాడు."