కన్నయ్య స్నానం

పొద్దున్నే పూజగది తలుపు తీసిన అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. పీట మీద ఇత్తడి కన్నయ్య నల్లబడి ఉన్నాడు. మోకాళ్ల మడతల్లో, మెడ వెనక పచ్చగా చిలుము పట్టింది.

ఏళ్ల తరబడి బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి ఆవిడ. ఇప్పుడు వేళ్ల కణుపులు వాచి, గ్లాసు పట్టుకోవడమే గగనమైపోయింది. అందుకే విగ్రహాల పని కోడలికి అప్పగించారు. కుందులు, గంట, లక్ష్మీదేవి తళతళలాడుతున్నాయి. పాకుతున్న ఆ జానెడు కన్నయ్యనొక్కణ్ణే కోడలు వదిలేసింది.

కోడలు వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. కళ్లజోళ్ల దుకాణంలో ఆమెకు ఉద్యోగం.

“అమ్మాయ్, కన్నయ్య ఏంటి అలా ఉన్నాడు?”

“టైమ్ చాల్లేదత్తయ్యా.”

“లక్ష్మీదేవికి చాలిన టైమ్ పసివాడికి చాల్లేదా? చింతపండు గుజ్జు రాసి, మెత్తటి గుడ్డతో రుద్దితే సరిపోతుంది. పీచుతో మాత్రం గీకకు, కనుబొమలు అరిగిపోతాయి. ఆనక మెడ వెనక చెమ్మ లేకుండా తుడిచేస్తే చిలుమే పట్టదు.”

డబ్బా మూత సరిగ్గా పడటం లేదు. కోడలు దాన్ని మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

“ఆ పైకెత్తిన చేతిలో వెన్నముద్ద ఉందని అందరూ అంటారు. నాకైతే ఎత్తుకోమని అడుగుతున్నట్టే ఉంటుంది. దేవుడంతటివాడు పసివాడై మనింట్లో పాకుతుంటే ఇలా వదిలేస్తామా?”

“నా వల్ల కాదత్తయ్యా.”

లిఫ్టులు బాగుచేసే కొడుకు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. “పొద్దున్నే ఏంటీ గోల? జానెడు విగ్రహం తోమడానికి ఇంత రాద్ధాంతమా?”

“తోమడం గురించి కాదురా!” అత్తగారి గొంతు లేచింది. “బిడ్డ దక్కలేదని దేవుడి మీద కక్ష కట్టింది నీ పెళ్లాం. దేవుడి మీద అలిగి బాగుపడ్డవాళ్లున్నారా?”

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో బిడ్డ మాట ఎవరి నోటా రాలేదు. ఇదే మొదటిసారి.

కోడలు డబ్బా పక్కకు నెట్టింది. “కక్ష కాదత్తయ్యా. మొన్న తోమినప్పుడు కన్నయ్యకూ మీరు చెప్పినట్టే గుజ్జు రాశాను. నీళ్లు పోసి పొడిగుడ్డలోకి తీసుకున్నాను. ఆసుపత్రిలో బాబును నా చేతికిచ్చినప్పుడు కూడా ఇంతే చల్లగా ఉన్నాడు. మెడ వెనక తుడవబోతే నా చేతులాడలేదు, తడిగానే పీట మీద పెట్టేశాను. వాడికి నేను చెంబెడు నీళ్లయినా పోయలేదు. ఈయన వెంటనే తీసుకెళ్లిపోయారు.”

“ఎక్కువసేపు చూస్తే నువ్వు తట్టుకోలేవని...”

“నేను తట్టుకోలేననా, మీరా?”

కొడుకు పూజగది పీట వైపు చూశాడు.

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. చుట్టుపక్కలవాళ్లు పరామర్శకొస్తే, ఆ మాట ఎత్తొద్దని వాకిట్లోనే చెప్పి పంపింది ఆవిడే. కోడలు ఏడవకపోతే కోలుకుందనుకున్నారు.

“నా నోట్లో మన్ను పడ! పుండు రేపకూడదని అందరి నోళ్లూ మూయించి, చివరికి నేనే దానిమీద కారం చల్లాను. కన్నయ్యను బీరువాలో పెట్టేద్దామమ్మా. ఆయన దేవుడు, ఎన్నాళ్లయినా ఓపిక పడతాడు. నిన్ను మాత్రం ఇంకెవరూ బలవంతపెట్టరు.”

కొడుకు సంచీ కింద పెట్టాడు. కన్నయ్యను తీసుకుని పెరటి కుళాయి దగ్గరికి నడిచాడు. గ్రీజు మరకలు వదలని వేళ్లతో గుజ్జు రాశాడు. బొటనవేలితో చెవుల దగ్గర, మోకాళ్ల దగ్గర మెల్లగా రుద్దాడు. నలుపు కరిగి పసుపు బయటపడింది. కడిగి తువ్వాల్లో చుట్టాడు. తుడవడం మరిచిపోయి అలాగే గుండెకు హత్తుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

కోడలు వెళ్లి పక్కన కూర్చుంది.

“వాణ్ణి గుడ్డలో చుట్టింది నేనే,” అన్నాడు వెక్కుతూ. “సరిగ్గా చుట్టానో లేదో ఇప్పటికీ తెలీదు.”

“నాతో చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పను? నువ్వు ఏడవట్లేదు. నేనేడిస్తే నువ్వేమైపోతావో అని...”

“మీరు ఏడవట్లేదని నేనూ ఏడవలేదండీ,” అంటూ ఆమె అతని భుజం మీద తల వాల్చింది. ఆ ఏడుపు చాలాసేపు ఆగలేదు.

గోడ పట్టుకుని అత్తగారు గుమ్మం దాకా వచ్చారు. లోపలికి తిరిగి వెళ్లబోయి, ఆగారు.

“అమ్మాయ్... ఎలా ఉన్నాడే వాడు? నాకెవ్వరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.”

కోడలు కళ్లు తుడుచుకుని, ఆవిడకు చోటిస్తూ పక్కకు జరిగింది.

“ముక్కు మీ ముక్కే, అత్తయ్యా,” అంది. “అచ్చం మీదే. జుట్టు మాత్రం ఈయనది...”