బోదెలో ఎర్రనీళ్ళు

గుండెపోటు వచ్చిన మావారిని తణుకు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే కాలవలకి నీళ్ళు వదిలారు. డెబ్భైతొమ్మిది జూన్.

డాక్టరు జ్ఞానప్రకాశం గారు నన్ను పక్కకి పిలిచి, "పెద్ద నాళంలో రక్తం నడుస్తున్నట్టే ఉందండి. వెంట్రుక కన్నా సన్నని నాళాలు తెరుచుకున్నాయో లేదో మాత్రం చెప్పలేం," అన్నారు. సైన్సు టీచర్ని కనక నాకు అర్థమైంది. మీకూ చెబుతాను. పెద్ద కాలవ నిండుగా పారుతున్నా, చేలోకి వెళ్ళే బోదెల్లో ఒండ్రు పేరుకుంటే చేను ఎండిపోతుంది. గుండె కండా అంతే. గోరు నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడాలి, రోజూ చూస్తూండమన్నారు.

గుమ్మంలో మా ఆడపడుచు అమ్మాజీ వదిన పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. ఆ నీళ్ళు వీధిలో పారబొయ్యాలి. వీధంతా బురదగా ఉందని, పెరట్లో ఎండిపోయిన బోదెలో పోసి వచ్చేసింది.

సాయంత్రానికి బోదెకి నీళ్ళు ఎక్కాయి. మబ్బు పట్టింది. కరెంటు పోయింది. లాంతరు వెలుగులో ఆయన గోరు నొక్కి వదిలాను.

తెల్లగానే ఉండిపోయింది.

"ఏంటే, ఒకటో తరగతి పిల్లాడికి చూసినట్టు గోళ్ళు చూస్తున్నావు?" నవ్వారాయన. "ఒళ్ళు హాయిగానే ఉంది."

పది వేళ్ళూ అంతే... సున్నంలా...

పెరట్లో చప్పుడు. ఎవరో గుటక వేసినట్టు... ఆగి, మళ్ళీ గుటక. లాంతరు పట్టుకుని పరిగెత్తాను, నా వెనకే వదిన. పచ్చి బురద వాసన. వదిన పోసిన దిష్టినీళ్ళ ఎరుపు, కాలవ నీళ్ళలో కలిసిపోలేదు. దారాల్లా చీలి, ఇంకా సన్నగా చీలి, గట్టులోకి పాకుతోంది. నేను బోర్డు మీద గీసే రక్తనాళాల బొమ్మలాగే. చప్పుడుతోపాటు ఉబ్బుతోంది... తగ్గుతోంది...

"వదినా, ఇది... ఆయనది."

"మూసెయ్యవే!" వదిన నన్ను బోదె వైపు తోసింది.

రెండు చేతులా బురద ఎత్తి అడ్డం వేశాను. ఇంట్లోంచి ఆయన కేక.

"గుండె... నొప్పే!"

బురద లాగేశాను. కేక ఆగింది.

మళ్ళీ మూసే ధైర్యం లేకపోయింది. మంచానికీ బోదెకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

తెల్లారింది. ఆయన ప్రశాంతంగా నిద్రపోతున్నారు. కింది చేను రైతు సత్తియ్య పార పట్టుకుని బోదెలోకి దిగాడు. మా బోదెకి గండి కొట్టి నారుమడి తడుపుకోవడం అతనికి ఏటా మామూలే.

"టీచరమ్మగారూ! నీళ్ళు ఇంత వెచ్చగా ఉన్నాయేంటండీ?"

"ఆగు సత్తియ్యా!"

పార అప్పటికే లేచింది.