పాతిక డిగ్రీల నమూనా

బ్యాటరీల కెమిస్టు కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. కళ్లజోడు చెదరలేదు. టీ కప్పు పక్కన సగం గీసిన గ్రాఫ్ ఉంది. మెడ వెనుక సూది గుచ్చిన ఎర్రటి చుక్క ఒక్కటే అనుమానంగా కనిపిస్తోంది.

"నిన్న నాకు ఫోన్ చేశాడు," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన, తలుపు దగ్గరగా వేసి. "డ్రమ్ములో సరుకు మారిందన్నాడు. మిగతాది ఎదురుగా చెప్తానన్నాడు. మనం వెతుకుతున్న విదేశీ ముఠా పనే. ఆ గీతలేమిటి?"

తూనీగ గ్రాఫ్ వైపు వంగాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే. అక్కకు మాత్రం తమ్ముడు లేబొరేటరీలకు గాజు సామాను అమ్ముతాడని తెలుసు. ఎనిమిదేళ్లుగా ఆమె ఆ మాట నమ్ముతోంది, ఆ ఉద్యోగాన్ని తిట్టిపోస్తోంది.

"బ్యాటరీ ఛార్జింగ్‌లో లిథియం అయాన్లు ఎలక్ట్రోలైట్ ద్రవంలో ఈదుకుంటూ ఈ గట్టు నుంచి అవతలి గట్టుకు పోవాలి సార్. ఒంటరిగా పోవు. ద్రవంలోని అణువులు చుట్టూ మూగుతాయి, మంత్రి చుట్టూ బాడీగార్డుల్లాగా. లిథియం ఉప్పు కాస్త పెంచితే మంత్రులు పెరుగుతారు, మంచిదే. మరీ పెంచితే కారిడార్ నిండా బాడీగార్డులే. ద్రవం చిక్కబడుతుంది, ఎవరూ కదల్లేరు. గీత ఎక్కి దిగేది అందుకే."

"కదలకపోతే?"

"ఫాస్ట్ ఛార్జ్ పెట్టగానే అవతలి గట్టున అయాన్లకు కరువొస్తుంది. అప్పుడు లిథియం నున్నగా పరుచుకోదు, సూదుల్లా మొలుస్తుంది. సూది మధ్య పొరను చీల్చిందా, ఇక నిప్పే."

పెద్దాయన మొహం పాలిపోయింది. "ఆ డ్రమ్ములో సరుకే ఆస్పత్రి బేస్‌మెంట్‌లోని ఆరువందల బ్యాటరీల్లో పోశారు. పదకొండింటికి మొదటి ఫాస్ట్ ఛార్జ్. పైన ఆపరేషన్ థియేటర్లు. స్విచ్ వేసే ఇంజినీరు మీ అక్క."

తూనీగ తలుపు వైపు అడుగేశాడు. పెద్దాయన ఆపాడు.

"డ్రమ్ములో మిగిలింది కొలిచి నాకు ఫోన్ చెయ్యి. సరుకు మంచిదైతే 'ఎండ కాస్తోంది' అను. చెడ్డదైతే 'వాన పడుతోంది'. గేటు దగ్గర వ్యాన్‌లో ఉంటాను. నీ మాట వచ్చాకే స్విచ్ వెయ్యమని కిందికి కబురు పంపుతాను."

ఆస్పత్రి రెండో అంతస్తులో కెమిస్టు వాడుకునే ల్యాబ్‌కు అతను చేరేసరికి పదిన్నర దాటింది. ఇన్‌స్పెక్టర్ వేషంలో, ఖరీదైన కోటులో నెమలి వచ్చింది. మూడేళ్లుగా అతని పార్ట్‌నర్. ఆమె నడిచొస్తుంటే కాపలావాళ్లు గుర్తింపు కార్డు అడగడం కూడా మర్చిపోతారు. తోలు సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"కింద స్టోర్‌లోంచి నేనే పట్టుకొచ్చాను. తొందరగా కానివ్వు."

తూనీగ మందపాటి గ్లవ్స్ తొడుక్కుని జేబులోంచి పెన్ను తీశాడు. రాయని పెన్ను అది. లోపల గాజుగొట్టం, అందులో ఆవగింజంత గోళీ. మంచి ద్రవంలో గోళీ మూడు సెకన్లలో అడుక్కి చేరుతుంది, చిక్కటిదైతే ఏడు పడుతుంది.

సీసాలోని ద్రవం గొట్టంలో నింపి గోళీని వదిలాడు. మూడు సెకన్లు పట్టింది.

"ఎండ కాస్తోంది," అన్నాడు ల్యాబ్ గోడ ఫోన్‌లో. ప్రాణం లేచొచ్చింది. గ్లవ్స్ విప్పి, సీసాను అరలో పెడదామని పట్టుకున్నాడు.

సీసా చేతికి చుర్రుమంది.

స్టోర్ వణికించే చలి గది. అక్కడినుంచి వచ్చిన సీసా వేడిగా ఎలా ఉంటుంది? సంచిలోకి చూశాడు. నడుంనొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్. ఎదురుగా గోడ మీద కెమిస్టు చేతిరాత: 'పాతిక డిగ్రీలకు తేకుండా కొలిస్తే అది కొలత కాదు.' వేడెక్కితే ఎంత చిక్కటి ద్రవమైనా పలచబడుతుంది.

అతను తిరిగి చూసేసరికి ఫోన్ వైరు తెగి వేలాడుతోంది. నెమలి చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"గ్లవ్స్ తియ్యకుండా ఉండాల్సింది. నీ మీద నాకు కోపమేం లేదు."

"కెమిస్టు మీద ఉందా?"

"ఆయనా మంచివాడే."

తూనీగ సీసాను ఆమె మొహం మీదికి విసిరాడు. అందులో ఏముందో బాగా తెలిసిన మనిషి కాబట్టి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. పిస్టల్ జారింది, సీసా భళ్లున పగిలింది. మరుక్షణం ఆమె మణికట్టుకూ నీళ్ల పైపుకూ బేడీ పడింది.

"కళ్లు కడుక్కో," అని కుళాయి తిప్పి పరుగెత్తాడు.

పదకొండుకు ఒక్క నిమిషం. లిఫ్టులోకి స్ట్రెచర్ ఎక్కిస్తున్నారు. మెట్లు మూడేసి చొప్పున దూకుతూ బేస్‌మెంట్ తలుపు తోశాడు. ఆరువందల బ్యాటరీలు వరసగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. అక్క చెయ్యి స్విచ్ మీద ఉంది.

"అక్కా, ఆపు!"

"చిన్నోడా? ఇక్కడికెవరు రానిచ్చారురా నిన్ను? బయటికి నడు!" చెయ్యి మాత్రం తియ్యలేదు.

తను గూఢచారినని చెబితే నవ్వుతుంది. ముఠా అంటే ఇంకా నవ్వుతుంది. గడియారంలో నాలుగు సెకన్లున్నాయి.

"అక్కా, శాంపిల్ వేడిగా ఉండగా కొలిచారు!"

అక్క చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. ఆరేళ్లు ఆ కెమిస్టు దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఇంకో ప్రశ్న వెయ్యకుండా మెయిన్ లైన్ కూడా లాగేసింది.

"ఎవడురా కొలిచిన దరిద్రుడు?"

"నేనే."

"నువ్వా! సార్‌కి తెలిస్తే చెవులు మెలిపెడతారు."

సార్ ఇక లేరని చెప్పడానికి తూనీగకు నోరు రాలేదు. గోడకు ఆనుకుని వగర్చాడు.

"ఏదీ, ఆ సీసా ఇటివ్వు. నేను కొలుస్తాను."

"పగిలిపోయిందక్కా."

అక్క అతన్ని ఎగాదిగా చూసి నిట్టూర్చింది. "ఎనిమిదేళ్లయింది. అమ్ముకునే సీసా పట్టుకోవడం కూడా రాలేదు నీకు!"