అట్టముక్కల మేడ

“రెండు రోజుల సంది నాతోని మాట్లాడుతలేవు. గిప్పుడు అట్టముక్కలిచ్చి ఆడుకోమంటవా?” కౌశిక్ గొంతు తగ్గించి అడిగాడు.

“ఆఫీసుల నేను ట్రైనర్ని. కత్తెర తీసుకో,” అంది సుచిత్ర.

సిద్దిపేటలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆ రోజంతా అజైల్ పద్ధతి నేర్పే ఆటలు. పనిని చిన్న ముక్కలుగా చేయాలి. అయినంత వరకు కస్టమర్‌కు చూపాలి. వాళ్ల మాట విని మార్చుకోవాలి. ఈ ఆటలో కస్టమర్ సుచిత్రే.

“నాకో ఇల్లు కావాలె. ముప్పావుగంట టైము. పక్క రూముల ఉంట. ఎప్పుడొచ్చి ఏమడిగినా చెప్త,” అంది రెండు జట్లతో.

ఇల్లు అన్న మాట కౌశిక్‌కు గుచ్చుకుంది. మొన్న ఆదివారం అతను హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటొకటి కిరాయికి మాట్లాడి వచ్చాడు. పెళ్లయ్యాక ఇద్దరూ అక్కడున్న తమ కంపెనీ ఆఫీసుకు మారిపోవచ్చనుకుని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసి, “పెండ్లి సంగతి తర్వాత చూద్దాం” అంది. ఆ ‘తర్వాత’ అనేది అసలు ఉందో లేదో అతనికి తెలియదు.

అవతలి జట్టులోని నరేశ్ పది నిమిషాలకోసారి పక్క గదికి పరుగెత్తుతున్నాడు.

“నువ్వు అడగవా అన్నా?” అన్నాడు కౌశిక్‌తో.

“ముందే చూపిస్తే మజా ఏముంటది? అంతా అయినంక చూపిస్త.”

కౌశిక్ జట్టు రెండంతస్తుల మేడ కట్టింది. మెలితిరిగిన మెట్లు, బాల్కనీ, దాని మీదికి పాకిన రంగు కాగితాల తీగ. నరేశ్ వాళ్లది ఒకే అంతస్తు, గోడలు కూడా సరిగ్గా నిలబడలేదు.

టైము అయిపోగానే సుచిత్ర వచ్చి మేడను చుట్టూ తిరిగి చూసింది.

“మస్తుగుంది. కానీ నాకు పనికిరాదు. మా అమ్మ మెట్లెక్కలేదు.”

“ఆ ముచ్చట నువ్వు చెప్పలే!”

“నువ్వు అడగలే.”

అందరూ నవ్వారు. కౌశిక్ నవ్వలేకపోయాడు. ఆమె తల్లి విజయరాణి గారి మోకాళ్ల నొప్పి అతనికి తెలియనిది కాదు. నిరుడు సుచిత్ర తండ్రి పోయాక ఆ ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే మిగిలారనీ తెలుసు. ఫ్లాటు చూస్తున్నప్పుడు అవేవీ గుర్తు రాలేదు.

సాయంత్రానికి తుంపర మొదలైంది. ఆఫీసు కింద సుచిత్ర స్కూటీ సీటు తుడుస్తుంటే అతను తడుస్తూ వచ్చి నిలబడ్డాడు.

“ఫ్లాటు వద్దని చెప్పేస్త.”

“గిది గూడ నువ్వే తేల్చేసినవా?”

అతను నాలుక కరుచుకున్నాడు.

“పట్నంల ఉండుడు నీకిష్టం అనుకున్న.”

“అనుకున్నవు.”

“ఇగ అనుకునుడు బంద్. అడుగుతున్న సుచిత్రా. మనం యాడ ఉందాం? అసలు మనం అనేది ఉన్నదా?”

ఆమె చేతిలోని గుడ్డ ఆగింది.

“యాడనో నాకూ తెల్వదు. అమ్మను ఇడిచిపెట్టి మాత్రం రాలేను.”

“నేనే మీ ఇంటికొచ్చి ఉంటే అమ్మ ఏమంటది?”

సుచిత్ర గుడ్డ పిండి సీటు కింద పెట్టింది.

“నాయిన పోయినా అమ్మ ఇంకా మూడు గ్లాసుల్లనే చాయ పోస్తది. వద్దనబుద్ధి కాక మూడోది గూడ నేనే తాగుతున్న.” ఆమె స్కూటీ ఎక్కి కొంచెం ముందుకు జరిగింది. “కూసో. ఇయ్యాల నువ్వు తాగుదువు.”