ఫ్యాన్ల దోవ

బెళుగుప్ప దగ్గర మా ఊరికి బస్సు రాదు. పెద్దరోడ్డు మీద దిగి, మేం ఫ్యాన్లనే గాలిమరల మధ్య మట్టిదోవన నడవాలి. ఆ దోవలో దయ్యం వెంటపడుతుందని ఆడపిల్లలు చెప్పుకుంటారు. నాకెప్పుడూ కనపడలేదు. నా మనవడు హర్షకూ అంతే.

మా చేలో కూలికొచ్చే ఐజాక్ కూతురు సువార్త నర్సు ట్రైనింగ్ చేస్తోంది. ఆ పిల్ల సాయంత్రం బస్సు దిగే వేళకు, తిప్పమ్మ టీ బంకు దగ్గర మావాడు కనపడని రోజు లేదు.

"నర్సమ్మా, దయ్యానికి సూది వేయలేవా?"

"నవ్వద్దు హర్షా. రేపట్నుంచి నేను రాను. మా నాయన ట్రైనింగ్ మానుకోమంటాండాడు."

వాడి మొహం పాలిపోయింది. "ఆడ దయ్యం యాడుండాది? చిన్నప్పట్నుంచి తిరుగుతాండా."

"నీకు కనపడదు. నువ్వెవరి కొడుకువో దానికి తెలుసు. నేనెవరి కూతురో కూడా తెలుసు."

తన తెల్లకోటు, స్కార్ఫు తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇవేసుకోని పోయి రా."

కోటు గుండీలు పట్టలేదు. తల, మొహం కప్పేలా స్కార్ఫు చుట్టుకుంటే తిప్పమ్మ ఒకటే నవ్వు.

మసక పడుతోంది. తలపైన రెక్కలు ఊమ్ ఊమ్మంటూ తిరుగుతున్నాయి. కొంత దూరం పోయాక వెనక ఏదో కదిలింది. లైటు లేదు, రెక్కల మోతలో చప్పుడూ తెలియడం లేదు. వాడు ఆగితే అదీ ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. తెలిసిన దోవే వాడికి కొత్తగా తోచింది. వెనక్కి తిరగడానికి మెడ రాలేదు.

చెవి పక్కనే గొంతు వినపడింది. "ఏమే, ఐజాక్ కూతురా. ఈ పొద్దు కూడా పలకవా?"

వాడు స్కార్ఫు లాగేశాడు. బైకు మీద మా పెద్దోడి కొడుకు విష్ణువర్ధన్.

"నువ్వా తమ్ముడా? తెలీలేదప్పా."

"తెలిసింటే?"

విష్ణు లైటు వేసుకుని వెళ్లిపోయాడు.

హర్ష స్కార్ఫు చేతిలో పట్టుకుని టీ బంకు దగ్గరికి తిరిగొచ్చాడు.

"కనపడిందా?" అంది సువార్త.

"కనపడింది. మా ఇంట్లోదే." అన్నాడు హర్ష. "రోజూ బండి మీద నేను దింపుతా."

"నువ్వు లేని పొద్దు?"

వాడు చీకటి పడిన దోవ వైపు చూశాడు.

"నాకు తోడు వద్దు హర్షా. దోవ కావాల."

ఆ రాత్రే హర్ష అదే కోటుతో ఐజాక్ ఇంటికి పోయి దయ్యం పేరు చెప్పాడు. తర్వాత మా ఇంటికొచ్చి అందరి ముందరా విష్ణును నిలబెట్టి అడిగాడు. విష్ణు తల దించుకుని ఒప్పుకున్నాడు.

ఐజాక్ ఇక ట్రైనింగ్ మానుకోమనలేదు. మర్నాడు సాయంత్రం సువార్త ఎప్పట్లాగే బస్సు దిగింది.

"నువ్వు రాకపోతే ఈ టీ నాకు దిగదు," అన్నాడు హర్ష.

"నా టీని ఆడిపోసుకోకుండా ఆ పిల్ల మీద మనసుండాదని చెప్పబ్బీ," అంది తిప్పమ్మ.

"ఉండాది," అన్నాడు వాడు. "సువార్తా, నీ పక్కన నడవొచ్చునా?"

"ముందర నడువు. ఎనక ఎవురూ వద్దు నాకు."

వాడు వెనక్కి చూడకుండా నడిచాడు. రెక్కల నీడలు దోవ మీద పడి లేస్తున్నాయి. వెనక అడుగుల చప్పుడు. అది మెల్లగా దగ్గరై, వాడి పక్కకు వచ్చింది.