పెద్దమ్మకి పనిచేసిన కీబోర్డు

"ఇదేంటి, ఒక్క అక్షరమూ పడట్లేదు!"

టకటక రెండు చేతులతో కీబోర్డు మీద గబగబా కొట్టింది. తెర మీద సన్నటి గీత మిణుకుమిణుకుమంటోంది తప్ప అంగుళం కదలడం లేదు.

ఆ అమ్మాయి అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. మాటలు టకటక, నడక టకటక, టైపింగ్ అంతకన్నా టకటక. అందుకే ఇంటిల్లిపాదీ 'టకటక' అనే పిలుస్తారు.

ఇవాళ సాయంత్రంలోగా సైన్స్ టీచరుకి వాళ్ళ గ్రూపు ప్రాజెక్టు పంపాలి. మిగతా పిల్లలు బొమ్మలు గీసి ఇచ్చేశారు. రాసే పని తనది. "అదెంతసేపు నాకు!" అని అందరి ముందూ గొప్పగా చెప్పి వచ్చింది. తీరా చూస్తే శీర్షిక దగ్గరే బండి ఆగిపోయింది.

వైరు పీకి మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది. కీబోర్డుని బోర్లించి వీపు మీద తట్టింది. బిస్కెట్ పొడి రాలింది కానీ అక్షరం రాలేదు. ఇక బల్ల కిందికి దూరి వైరు ఇంకోచోట గుచ్చింది.

ఆ చప్పుడుకి పక్కగదిలోంచి పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మ వచ్చే వారం ఒక కుట్టు సెంటర్‌లో సూపర్‌వైజర్‌గా చేరబోతోంది. అక్కడ రోజూ తయారైన బట్టల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాలట. అందుకే ఈమధ్య టైపింగ్ నేర్చుకుంటోంది. ఎంత ఖరీదైన బట్టనైనా జంకు లేకుండా కత్తిరించే మనిషి, కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం బిగుసుకుపోతుంది. ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని, తెర మీద కనిపించేదాకా వేలు వదలదు.

"ఏదీ, నన్ను చూడనీ" అని పెద్దమ్మ ఒక బటన్ నొక్కింది. "ఇదిగో, పడిందే! నాకు పనిచేస్తోంది."

టకటక బల్ల కిందనుంచి బయటికొచ్చి గబగబా నాలుగు బటన్లు కొట్టింది. ఏమీ పడలేదు.

"ఎక్కడ పడింది? అది నేను ఇందాక కొట్టిందే, ఇప్పుడొచ్చినట్టుంది. అసలు నువ్వే పాడుచేశావు పెద్దమ్మా! కుట్టుమిషన్ తొక్కినట్టు నొక్కితే పాడవ్వక ఏమవుతుంది? ఇంక దీన్ని ముట్టుకోకు!"

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. తన గదిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తుందనుకుంది టకటక. వినిపించలేదు.

కీబోర్డు చంకలో పెట్టుకుని వీధి చివర కంప్యూటర్ షాపుకి పరిగెత్తింది. షాపు అంకుల్ దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి నొక్కి చూశారు. అక్షరాలు చకచకా పడ్డాయి.

"దీనికేం, గుర్రంలా ఉంది" అన్నారాయన.

"మరి మా ఇంట్లో పనిచెయ్యట్లేదు అంకుల్!"

"ఎవరికీ పనిచెయ్యట్లేదా?"

"మా పెద్దమ్మకి పనిచేసిందట. ఊరికే అంటోంది."

"ఊరికే ఎందుకంటారమ్మా? ఎలా నొక్కితే పనిచేసిందో అడిగావా?"

టకటక తల అడ్డంగా ఊపింది. "లేదు."

"మీ ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు కదా. చూసినావిడ్ని వదిలేసి నా దగ్గరికొస్తే ఎలా? వెళ్ళి అడుగు."

టకటక కీబోర్డు తీసుకుని ఇంటిదారి పట్టింది. తను అన్న మాటలే చెవుల్లో మోగుతున్నాయి.

పెద్దమ్మ మిషన్ ముందు చేతులు ముడుచుకుని కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, ఇందాక నీకెలా పడిందో చూపిస్తావా?"

"నాకెందుకులే. మళ్ళీ పాడుచేస్తానేమో."

"నువ్వేం పాడుచెయ్యలేదు. నువ్వు చెప్పేది వినకుండా నేనే నోరు పారేసుకున్నాను. సారీ పెద్దమ్మా."

టకటక కీబోర్డుని కంప్యూటర్‌కి తగిలించేసరికి పెద్దమ్మ లేచి వచ్చింది. ఒక బటన్ మీద వేలు ఆనించి అలాగే ఉంచింది. 'తొందరగా!' అనబోయి టకటక పెదవి కొరుక్కుంది. తెర మీద అక్షరం వచ్చి కూర్చుంది.

"చూశావా? నాకైతే ఇవాళ ఇంకా బాగుంది. రోజూ నేను వేలు తీసేలోపు ఒకటే అక్షరం చీమలబారులా పడేది. ఇవాళ బుద్ధిగా ఒక్కటే వస్తోంది."

టకటక కూడా అలాగే నొక్కి పట్టుకుంది. వచ్చింది! చటుక్కున కొట్టి చూసింది. రాలేదు.

"నొక్కి పట్టుకుంటేనే పడుతోంది! ఎవరు మార్చారిలా?"

"ఎవరో ఎందుకు మారుస్తారు? నీకు మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశాను. శీర్షిక కోసం ఆలోచిస్తూ కుడిపక్క షిఫ్ట్ బటన్‌ని నొక్కిపెట్టి కూర్చున్నావు. తెర మీద చిన్న డబ్బాలో ఏదో ప్రశ్న వచ్చింది. నేను చదివేలోపే నువ్వు ఎంటర్ కొట్టేశావు."

టకటక నాలిక కరుచుకుంది. మౌస్‌తో కీబోర్డు సెట్టింగ్స్ తెరిచింది. ఈసారి ఇద్దరూ కలిసి ఒక్కో వరుసా చదివారు. 'ఫిల్టర్ కీస్' అన్నది ఆన్‌లో ఉంది. పొరపాటున తగిలిన బటన్లని పట్టించుకోకుండా, నిదానంగా నొక్కేవాళ్ళకి సాయం చేసే ఏర్పాటట అది. దాన్ని ఆపగానే కీబోర్డు మామూలైపోయింది.

ప్రాజెక్టు పూర్తిచేసి టీచరుకి పంపేసరికి బయట ఇంకా వెలుతురు ఉంది. టకటక కుర్చీలోంచి లేచింది.

"రా పెద్దమ్మా, ఇప్పుడు నీ వంతు. నీకోసం అది మళ్ళీ ఆన్ చెయ్యనా?"

"ఇవాళ్టికి చెయ్యి. రేపట్నుంచి అది లేకుండా నేర్చుకుంటాను."

పెద్దమ్మ కూర్చుంది. వేలు కీబోర్డు మీద 'ఎం' అక్షరం కోసం వెతుకుతోంది. పై వరుసకి వెళ్ళింది, కిందికి దిగింది, దాని పక్కనుంచే దాటిపోయింది. చూపించడానికి టకటక చెయ్యి లేవబోయింది. ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వేలు మళ్ళీ వెనక్కి వచ్చింది.

"దొరికింది!" అని పెద్దమ్మ చిన్నపిల్లలా నవ్వింది.

"అవును, అదే!" అని టకటక స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చుంది. తర్వాతి అక్షరం కోసం వేలు మళ్ళీ నెమ్మదిగా బయల్దేరింది.