ఆరున్నొక్కటో బండి

ఈ కథ నాకు మొదట చెప్పినోడు ఖాజా మొహిద్దీన్. దాచేపల్లిలో రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తాడు. దగ్గరుండి చూసినోడిలాగా చెప్పాడు గానీ, ఆ రోజు వాడు అక్కడ లేడు. వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా. కథలో తప్పులుంటే వాడివి. అక్షరాల్లో తప్పులుంటే మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి బర్రెల వెనక తోలినవాళ్ళవి. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి.

దాచేపల్లి దాటి గురజాల వైపు పోతుంటే ఎడంచేతి పక్క ఒక పాడుబడ్డ కాటా ఉంది. రాయి లారీలు తూచే కాటా. కింద లారీ పట్టేంత ఇనప రేకు, పక్కన తలుపు ఊడిన చిన్న గది. క్వారీ మూతబడి ఇరవై ఏళ్ళు. లారీలు రావు, తూకం లేదు.

లెక్క మాత్రం ఆగలేదంటారు.

ఆ గదిలో ఒక గుమాస్తా ఉండేవాడంట. ఒకరోజు లారీ ఒకటి తక్కువొచ్చిందని రాత్రంతా మళ్ళీ మళ్ళీ లెక్కేశాడంట. పొద్దున వచ్చి చూస్తే పెన్ను చేతిలోనే ఉంది... ప్రాణం లేదు. అప్పట్నించి చీకట్లో ఆ కాటా ముందు వరసగా ఏం పోయినా, ఆయన ఒకటి కలుపుతాడంట. పెళ్ళివాళ్ళ జీపులు మూడు పోతే నాలుగు కనపడ్డాయంట. నలభై గొర్రెలు తోలుకుపోయినోడికి నలభై ఒకటి తేలాయంట.

"లాభమేగా?" అన్నాను నేను.

ఖాజా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం లాభం బాబాయ్... ఊరికే కలుపుతాడా? ఒకటి కలిపితే, తెల్లారేలోపు ఒకటి తీసుకుంటాడు."

ఇక కథ.

నరసరావుపేట కాలేజీలో లెక్కలు చెప్పే జాహ్నవి అనే అమ్మాయి ఉంది. కార్లంటే పిచ్చి. అదే పిచ్చి ఉన్నవాళ్ళని పోగుచేసి వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. నెలకో ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అందరూ వరసగా కార్లేసుకుని ఏ మాచర్లో, ఎత్తిపోతలో వెళ్ళి, టిఫిన్ తిని రావాలని ఆలోచన.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. కుర్రకారు పందేలేసుకుంటారని వాళ్ళ భయం. అప్పుడా అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి మాటిచ్చింది. "ఎన్ని బండ్లు తీసుకెళ్తే అన్నీ లెక్కపెట్టి తీసుకొస్తా. ఒక్కటి తగ్గినా గ్రూపు ఆ రోజే మూసేస్తా."

రూల్సు కూడా అట్టాగే పెట్టింది. అరవై దాటకూడదు. ఒకరినొకరు దాటకూడదు. ఊళ్ళల్లో హారన్ కొట్టకూడదు. ప్రతి బండికీ ఒక నెంబరు. నడిపేవాళ్ళు ఫోను ముట్టకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి. అందరూ ఒకే కాల్‌లో ఉండాలి. ముందు బండి అడిగినప్పుడల్లా ఎవరి నెంబరు వాళ్ళు వరసగా చెప్పాలి.

మంచి పద్ధతి. అది నేను కాదనను.

మొదటిసారి ఏడు బండ్లు తేలాయి. ముందు జాహ్నవి. ఆరో నెంబరు ముజాహిద్, నరసరావుపేటలోనే మెకానిక్కు. చిట్టచివర ఎడ్లపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. తెల్ల అంబాసిడర్. ఎనభై నాలుగు మోడల్, అద్దంలాగా ఉంటదంట. (ఇది మాత్రం ఖాజా నిజమే చెప్పాడు.) ఆ పెద్దాయన మొదటి నెంబరు అడిగితే, "చివర అనుభవం ఉన్నవాళ్ళుండాలి తాతయ్యా" అని మంచిగా తోకకి కట్టింది ఆ అమ్మాయి. ఆయన పెళ్ళాం వెనక సీట్లో ఫోను పట్టుకుని కూర్చుంది. చలికి నెత్తిన తెల్ల దుప్పటి.

పేటలో నాలుగింటికి బయల్దేరారు. ధనుర్మాసం. మంచు.

పిడుగురాళ్ళ దగ్గర లెక్క అడగాల్సింది, సిగ్నల్ లేక కుదరలేదు. దాచేపల్లి దాటారు. మంచు ఇంకా చిక్కబడింది. ముందు బండి ఎర్రలైటు తప్ప ఏమీ కనపడటంలా. సరిగ్గా ఆ కాటా దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ తగిలింది...

"లెక్క చెప్పండి," అంది జాహ్నవి. "ఒకటి."

"రెండు."

"మూడు."

"నాలుగు... అయిదు..."

"ఆరు," అన్నాడు ముజాహిద్ పక్కనున్న కుర్రాడు.



తర్వాత సన్నగా, వణుకుతా, నూతిలో నుంచి వచ్చినట్టు ఒక ఆడమనిషి గొంతు —

"ఆరు... ఇంకొకటీ..."

జాహ్నవి బ్రేకు మీద కాలేసిందంట. "ఎవరది? ఇంకొకటేంది?"

ఆగకుండా మళ్ళీ పిలిచింది.

"ఏడు! ఏడు ఎక్కడ? ఏడూ!"

ఫోన్లో గరగర.

"వినపళ్ళేదు! గట్టిగా! ఏడు!"

అప్పుడు వినపడింది బాబాయ్, అన్నాడు ఖాజా. వాడి చేతిలో టైరు ఊడదీసే కడ్డీ ఆగిపోయింది. ఫోన్లో... ఏడుపు. ముందు వెక్కిళ్ళు, ఆ తర్వాత గొంతెత్తి, చచ్చిన ఇంట్లో ఏడ్చినట్టు. ఆరు బండ్లలోనూ అందరూ విన్నారంట. ఆ తర్వాత టక్కున కాల్ తెగింది.

వేరేవాళ్ళయితే తొక్కి పారిపోయేవాళ్ళు. ఆ అమ్మాయి అరవై దాటలేదు. అంత భయంలోనూ దాటలేదు. గురజాల ముందున్న పెట్రోలు బంకులో అందర్నీ పక్కకి ఆపించి, దిగి లైట్లు లెక్కపెట్టింది.

ఆరు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

ఒకటి కలిసింది... ఒకటి పోయింది.

"ముజాహిద్, నువ్వు నాతో రా. మిగతావాళ్ళు లైట్లేసుకుని ఇక్కడే ఉండండి," అంది.

"మేడమ్, తెల్లారనీయండి..."

"నేను మాటిచ్చా ముజాహిద్. ఆ ముసలాయన్ని వదిలేసి టిఫిన్ తింటానా?"

ముజాహిద్ ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుతా బండి తిప్పాడంట. ఇద్దరూ టార్చిలేసుకుని రోడ్డు పక్క ప్రతి కల్వర్టూ, ప్రతి గుంటా చూశారు. ఏమీ లేదు. కాటా దగ్గర మాత్రం మంచుతడిలో టైర్ల చారలు కనపడ్డాయి. రోడ్డు మీద నుంచి తిన్నగా ఇనప రేకు మీదకి పోయినయ్. అంతే...

ఎక్కిన గుర్తులున్నాయి. దిగిన గుర్తులు లేవు.

పెద్దాయన ఫోను స్విచాఫ్. జాహ్నవి దగ్గర ఫారం ఉంది. ఏదన్నా అయితే ఎవరికి చెప్పాలో ఆ నెంబరు ముందే రాయించుకుంది. పక్కింటి కుల్సుం అనే ఆవిడది. చేసింది.

"అండీ... మీ పక్కింటి పెద్దాయన..."

"పోయారమ్మా," అంది కుల్సుం, నిద్రగొంతుతో.

"ఎవరు పోయారు?"

"ఇద్దరూను. మొగుడూ పెళ్ళాం. ఏం చెప్పమంటావ్, ఎంత చెప్పినా వినకుండా పోయారు."

"ఎప్పుడండీ?"

"మూడింటికి."

ఫోను చేతిలోంచి జారి రేకు మీద పడింది. మూడింటికి పోయిన మనుషులు... నాలుగింటికి పేటలో వచ్చి వరసలో నిలబడ్డారు! ఏడో నెంబరు స్టిక్కరు ఆ అమ్మాయే తన చేత్తో అద్దానికి అంటించింది. అప్పుడు లోపల్నించి ఆ పెద్దాయన ఒక్కమాట మాట్లాడలేదు. కోపంగా చూశాడంతే.

ఇదీ కథ. మూడురోజుల్లో దాచేపల్లి, గురజాల, నడికుడి అంతా పాకిపోయింది.

ఖాజా ఇది చెప్పేటప్పుడు తెల్లారుజామున అయిదు కూడా కాలేదు. కరెంటు లేదు. ఫోను లైటు రాయికి ఆనించి నా బండి వెనక టైరు ఊడదీస్తున్నాడు. మొహం ఎత్తి నన్ను చూసింది లేదు, బండి చూసింది లేదు. వాడి ధ్యాసంతా కథ మీదే.

"ఆ అమ్మాయి గ్రూపు మూసేస్తానంటుందంట బాబాయ్. మాట తప్పానని కాలేజీకి కూడా పోవటంలేదంట," అన్నాడు. "ముజాహిదే ఆ ముసలోళ్ళ ఫోటోకి దండేసి గ్రూపులో పెట్టాడు. ఇదుగో, చూడు."

చూశాను.

ఇంతలో మా ఆవిడ వెనక తలుపు తీసుకుని దిగింది. నెత్తిన తెల్ల దుప్పటి. వాళ్ళ చెల్లెలు కట్టిచ్చిన పప్పుచెక్కల డబ్బా చేతిలో ఉంది. చలిలో పనిచేస్తున్నాడని పాపం, కాగితం పరిచి వాడికి లెక్కపెట్టి పెడుతుంది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..."

ఖాజా చెయ్యి ఆగింది.

"ఆరున్నొక్కటి."

ఖాజా మెల్లగా తలెత్తాడు. దుప్పటి చూశాడు. తెల్ల అంబాసిడర్ చూశాడు. అద్దం మీద ఏడో నెంబరు స్టిక్కరు చూశాడు. తర్వాత ఫోను వైపు, మళ్ళీ నా మొహం వైపు.

"నేనేరా," అన్నాను.

వాడు పోయిన పోకకి చెప్పులు కూడా వెంట రాలేదు. మిగతా బోల్టులు నేనే బిగించుకున్నాను.

నా పేరు లక్ష్మీనారాయణ. మా ఆవిడ ధనమ్మ. మేం చావలేదు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నా.

మా ఆవిడ పుట్టిల్లు ధాన్యం కొలిచే ఇల్లు. కుంచం ఎత్తినప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తర్వాత ఆ పాడు మాట అనరు. అంటే ఏడవమన్నట్టే. ఆరున్నొక్కటి అంటారు. శుభమా అని పొద్దున్నే బయల్దేరి ఎవరన్నా ఏడు అంటారా? దాని నెంబరు అది తప్పు లేకుండా చెప్పింది. లెక్కల లెక్చరరుకి అర్థం కాకపోతే అది మా తప్పా?

పోనీ అక్కడితో ఆగిందా? ఎదురుగా ఆ కాటా. ఆ పాడుబడ్డ గది చూసి భయపడి అప్పటికే మా ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. చీకట్లో ఫోన్లో నుంచి ఆడగొంతు — "ఏడు! ఏడూ! గట్టిగా! ఏడు!" కాటాలో నుంచే ఏదో అరుస్తుంది అనుకుంది పిచ్చిది. ఏడవకపోతే ఏం చేస్తదో అని గట్టిగా ఏడ్చింది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో నేను ఏడిపించలేదు దాన్ని. మంచి పూటా నా పెళ్ళాన్ని ఏడవమన్న గుంపుతో నాకేం పని? ఫోను లాక్కుని కట్టేశాను. కాటా రేకు మీదకి బండెక్కించి, వెనక్కి దిగి, నడికుడిలో మా మరదలింటికి పోయాం. తోడల్లుడు రైల్వేలో చేస్తాడు. మూడు రోజులున్నాం. ఫోను నేనే ఆన్ చెయ్యలేదు.

దిగిన గుర్తులు లేవన్నారు చూడండి. ఎక్కిన చారల మీదే, అంగుళం తప్పకుండా రివర్సులో దిగాను. చేతనైనోడి డ్రైవింగ్ అట్టుంటది. అదేదో దెయ్యం పని అనుకున్నారు గానీ, ఒక్కరన్నా నా పని అనుకోలేదు.

కుల్సుంకి చెప్పాల్సింది ఇంటికెళ్ళగానే చెప్పాను. బయల్దేరినోళ్ళని 'పోయారు' అంటావా ఏమే, అని. "పోయారుగా మరి, నేనేమన్నా రమ్మన్నానా?" అంది. దాంతో నేను మాట్లాడటం మానేశాను.

జాహ్నవి మీద కూడా నాకు కోపం తీరలేదు. తోకకి కట్టింది, మర్చిపోను. అయినా ఒకమాట రాయాలి. తన పక్కన ఉన్నోడు వద్దంటున్నా, నాకోసం తిరిగి ఆ కాటా దగ్గరికి వచ్చింది. నా సొంతవాళ్ళల్లో ఎంతమంది వస్తారో నాకు తెలుసు, లెక్కపెట్టడానికి ఆరున్నొక్కటి దాకా పోనక్కర్లేదు. ఆ అమ్మాయి మాట తప్పలేదు. బండి తగ్గలేదు. అలిగింది.

అందుకని ఆ గ్రూపులో ఉన్నోళ్ళెవరైనా ఈ కాగితం ఫోటో తీసి పెట్టండి. గ్రూపు మూయొద్దని రాయండి. నా ఫోటోకి దండ తీయించండి. మా ఆవిడ నెంబరు సరిగ్గానే చెప్పిందని కూడా రాయండి. వచ్చే నెల మొదటి నెంబరు నాకు ఇస్తే వస్తాం.

ఇంకొక్కటి. దాచేపల్లి దాటిన కాడ్నించి కాటా దాకా నా అద్దంలో వెనక ఒక జత లైట్లు కనపడతానే ఉన్నాయి. దగ్గరికి రాలేదు, దాటలేదు, హారన్ కొట్టలేదు, మీ రూల్సన్నీ పాటించింది. మీ బండే అనుకున్నా. నేను రివర్సులో దిగి దాచేపల్లి వైపు తిరిగేసరికి రోడ్డు మీద ఏమీ లేదు. ఆ రేకు నేను ఎక్కినప్పుడు ధడ్ మని మోగింది, దిగినప్పుడు మోగింది. నేను రోడ్డెక్కి గేరేశాక... ఇంకోసారి మోగింది.

లిస్టులో చివరి బండి నాది. నా లెక్క ఎప్పుడూ తప్పదు. ఆ ఎనిమిదో బండి ఎవరిదో, అది కూడా సరిచేసి రాయండి.